కొల్లేటి కొంగకు నేను వేసిన గ్రేడు

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. తాడేపల్లిగూడెం రైసు మిల్లుల్లో పొగగొట్టాలకు రంగులు వేసే పని నాది. తాడుకు వేలాడుతూ ఎన్ని డబ్బాలు మోసినా సాయంత్రానికి దించేసేవాడిని. ఇది మాత్రం దిగలేదు. ఆరు-ఏ. అంతే. నా పేరు రాయడం లేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. నేను మానలేదండీ, లెక్కల మాస్టారే నన్ను మానేశారు అని అందరినీ నవ్విస్తుంటాను. నవ్వించడం నాకు ఎప్పుడూ సులువే. ఇంజినీరింగ్ చదివే పిల్లలు కొందరు నన్ను పొగగొట్టం మీద చూసి ముచ్చటపడి, చింతలపూడి అవతల ఒక గుట్ట దగ్గరికి తీసుకెళ్లారు. ఆదివారాలు వాళ్లు అక్కడ రాయి ఎక్కుతారు. రెండు నెలలు తిరిగేసరికి రాతిలో బోల్టులు బిగించే పని నాదైంది. డ్రిల్లుతో తొలిచి బిగించే ఆ కొక్కేలకు తాడు తగిలించుకుంటూ పైకి పోతారు. పడితే చివరి బోల్టు ఆపుతుంది. ఎక్కేవాడు దానికి ఎంత పైన ఉన్నాడో అంతకు రెట్టింపు పడ్డాకే ఆపుతుంది.

వాళ్ల మాటలు నాకు భలే నచ్చాయి. రాతి మీద ఎక్కే ఒక్కో దారి ఒక రూటు. అందులో అన్నిటికన్నా కష్టమైన చోటు క్రక్స్. మొత్తం కష్టానికి వేసే అంకె గ్రేడు. ఆరు-ఏ అంటే మాలాంటివాళ్లు చెమటోడిస్తే అందేది. ఏడు-ఏ అంటే బాదామి కొండల్లో ఏళ్ల తరబడి వేళ్లు అరగదీసుకున్నవాళ్లది. ఒక రూటును మొదట ఎక్కినవాడే దానికి పేరు పెడతాడు, గ్రేడు వేస్తాడు. అతను నోటుబుక్కులో రాసింది నమ్మి మిగతావాళ్లు ఎక్కుతారు. ఎక్కడం అంటే రాతిని పట్టుకునే ఎక్కాలి. తాడు పట్టుకుని లాక్కుంటే ఎక్కినట్టు కాదు.

ఒక మంగళవారం ఒక్కడినే వెళ్లి, గుట్ట వెనకనుంచి పైకి నడిచి, రూటు ముగిసే చోట గొలుసు బిగించి, దానికి తాడు కట్టుకుని దిగి కొత్త రూటుకు బోల్టులు వేశాను. ఐదు వేయాలి. కిందనుంచి వరసగా నాలుగు వేసేసరికి డ్రిల్లు బ్యాటరీ అయిపోయింది. సరే, ఎక్కి చూద్దామని అదే తాడు భరోసాతో కిందనుంచి మొదలుపెట్టాను. నాలుగో బోల్టు వరకు బాగానే ఉంది. ఆ పైన చేతికి ఏమీ దొరకదు. నున్నటి రాతికి అరచెయ్యి ఆనించి, వేలెడంత అంచు మీద ఒంటికాలితో నిలబడాలి. ఏడుసార్లు ప్రయత్నించాను. ఏడుసార్లూ జారి తాడుకు వేలాడాను. ఎనిమిదోసారి తాడే పట్టుకుని పైకి పాకాను.

ఆదివారం పిల్లలు ఎక్కావా అని అడిగారు. ఎక్కానన్నాను. నోటుబుక్కు ఇచ్చారు. "కొల్లేటి కొంగ. ఆరు-ఏ. పైన పెద్ద పెద్ద పట్లు" అని రాశాను.

ఎందుకు రాశాను? కష్టమని రాస్తే ఎలా ఎక్కావో చూపించు అంటారనా? లేక చదువుకున్నవాళ్ల మధ్య, వాళ్లు చెమటలు కక్కేదాన్ని నేను ఈల వేసుకుంటూ ఎక్కేశానని అనిపించుకోవాలనే నా దరిద్రపు సరదా, అప్పటిదాకా దానివల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి నాకే తప్పులా కనబడలేదా? రెండూ అనుకుంటాను.

ఆ రూటు మీద మొదట చెయ్యి వేసినవాడు ఏలూరు టైలరు. కరీమ్ అందాం, అసలు పేరు కాదు. చేతులకు రాసుకునే సుద్దపొడి సంచులు మా అందరికీ అతనే కుట్టిచ్చాడు. బాదామి వెళ్లాలని తాళ్లు పెట్టుకునే పెద్ద సంచి కూడా కుట్టి ఉంచుకున్నాడు. కింద అతని తాడు పట్టుకున్నది నేనే.

"మేస్త్రీ గారూ, నాలుగోదాని పైన చాలా దూరం ఉందండీ. పట్లు ఉన్నాయాండీ?"

"ఉన్నాయా ఏంటయ్యా! నీ మిషను సొరుగులకున్నట్టు పిడులున్నాయి. లాక్కుంటూ పోవడమే."

"నిజంగానాండీ?"

"చెప్పులేసుకుని ఎక్కుదామనుకున్నాను. చెప్పులు అరుగుతాయని మానేశా."

అందరం నవ్వాం. అతనూ నవ్వాడు.

నాలుగో బోల్టు దాటాడు. పట్ల కోసం తడుముకున్నాడు. ఒకసారి కిందికి చూశాడు. వచ్చెయ్ అనాల్సింది. అతను అరచెయ్యి ఆనించి, ఆ అంచు మీద ఒంటికాలితో లేచి నిలబడ్డాడు. ఇంకొక్క మూరెడు ఎక్కితే పై గొలుసు. అప్పుడు కాలు జారింది. నా తాడు బిగుసుకునే లోపే మధ్యలో అరుగులాంటి రాతికి కుడికాలు కొట్టుకుంది. ఆ చప్పుడు గురించి రాయను.

ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వ్యానులో అడిగాడు. "నేనెక్కడ తప్పు చేశానండీ?"

"తొందరపడ్డావయ్యా" అన్నాను.

రూటుకు అబద్ధపు గ్రేడు వేసినదానికన్నా ఈ మాటే పెద్ద తప్పేమో. అప్పటికి అతనికి ఇంకేమీ ఇవ్వలేకపోయినా, నిజం ఇవ్వగలిగేవాడిని కదా?

మర్నాడే వెళ్లి ఐదో బోల్టు వేశాను. ఎంత జాగ్రత్త మనిషివి అని పిల్లలు మెచ్చుకున్నారు. తర్వాత ఎక్కబోయినవాళ్లందరూ జారి, పట్లన్న మాట నా జోకనుకుని, మేస్త్రీ గారి ఆరు-ఏ మహా గట్టిదండోయ్ అన్నారు. నా పరపతి పెరిగింది. నేను జోకులు వేస్తూనే ఉన్నాను.

కరీమ్ మడమ సరిగ్గా అతకలేదు. ఇప్పుడు మిషను ఎడమకాలితో తొక్కుతాడు. ఒకసారి చూడ్డానికి వెళ్తే ఆ పెద్ద సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరు వాడుకోండి. ఆరు-ఏలో పడ్డవాడికి బాదామి ఎందుకండీ?" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, నవ్వుతూ. నా ధోరణిలోనే.

తీసుకున్నాను. ఆ సంచి ఆరేళ్లుగా మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. ఒక్క తాడు కూడా పెట్టలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తినేసేది కాలు కాదు. అతను ఇప్పటికీ సులువైన దాంట్లో పడ్డాననుకుంటున్నాడు. తనకు చేతకాదనుకుంటున్నాడు. అతను పడిన చోటుకు రాతిని పట్టుకుని నేను ఏనాడూ చేరలేదు. ఏడుసార్లు నేను నిలబడలేని ఆ అంచు మీద, నా మాట నమ్మి, మొదటిసారే నిలబడ్డాడు.

నిన్న ఆ నోటుబుక్కు అడిగి తెచ్చుకున్నాను. ఆరు-ఏ మీద ఒక్కటే గీత గీశాను, పాతది కనబడేలా. కింద రాశాను: "ఏడు-ఏ. పైన పట్లు లేవు. నేను తాడు పట్టుకుని పైకి వెళ్లాను. క్రక్స్ మొదట దాటినది కరీమ్." అక్కడ అసలు పేరే రాశాను. నాదీ రాశాను.

పుస్తకం అతని సంచిలోనే పెట్టాను. రేపు ఏలూరు తీసుకెళ్తాను. చదివి అతను ఏమంటాడో, అసలు మాట్లాడతాడో లేదో తెలియదు. జోకేమీ సిద్ధం చేసుకోలేదు.