మే నెలలో చూసి ఖాళీ అని రాశారు

తహసీల్దారు ఆఫీసులో మూడు దరఖాస్తులు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. రెండోది ఇవ్వడానికి వెళ్లినప్పుడు గుమాస్తా దాని మీదే టీ గ్లాసు పెట్టి నాతో మాట్లాడాడు. ఆ మరక ఏ మూల పడిందో కూడా నాకు గుర్తుంది. అందుకే 2011 జూలైలో మహేశ్వరం వైపు వెళ్లొచ్చిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసు చదవకపోయినా మీరైనా చదువుతారు.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ వైపు ఒక ఊళ్లో పశువులు మేసే ఉమ్మడి బీడు ఉంది. అక్కడి మొక్కల్ని, పురుగుల్ని, పిట్టల్ని నాలుగేళ్లుగా రిజిస్టరులో రాస్తున్నాను. బీడును ప్లాట్లకిచ్చే ముందు వేసవిలో తనిఖీకి వచ్చినవాళ్లు 'ఖాళీ భూమి' అని రాసుకుపోయారు. మే నెలలో ఏం కనబడుతుంది? అప్పుడు బీడంతా విత్తనాలై మట్టిలో ఉంటుంది. వాన పడ్డాక వచ్చి చూడమనే నా మూడు దరఖాస్తులూ.

పొద్దున ఏడున్నరకు అత్తాపూర్‌లో బస్సెక్కాను. పక్క సీటాయన ఎయిర్‌పోర్టులో సామాన్లెత్తే పనికి పోతున్నాడు. రిజిస్టరు చూసి, "గడ్డి రాసుకోనీకి గింత దూరం పోతున్నవా సారూ? మా ఇంటెనక మస్తున్నది, రా," అన్నాడు. ముందు సీట్లవాళ్లు నవ్వారు. శంషాబాద్‌లో దిగి ఇడ్లీ తిని, షేర్ ఆటోలో తొమ్మిదిన్నరకు ఊరు చేరాను. వెళ్లేవాళ్లు నీళ్లు వెంట తీసుకెళ్లండి, దారిలో దొరకవు.

మేకలు కాసే ఎల్లమ్మక్క గట్టు మీద కూర్చుని ఉంది. నా రిజిస్టరులో సగం పేర్లు ఆమె చెప్పినవే.

"సగమే మిగిలింది సారూ, చూసుకో," అంది.

తూర్పు సగం పచ్చగా లేచింది. గునుగు, తుమ్మి, దొగ్గలి, పల్లేరు. పల్లేరు పూల మీద తేనెటీగలు. పక్క పొలాల్లో దోస తీగకు కాయ పట్టాలన్నా ఈ ఈగలే రావాలి. ఎల్లమ్మక్క కూరాకు తెంపుతూ, గుంపుకో మొక్కను విత్తనానికి వదిలేస్తోంది. జీవవైవిధ్యం గురించి నేను క్లాసుల్లో చెప్పింది ఇంతకంటే ఎక్కువేం కాదు.

పడమటి సగంలో ఒక్క మొలక లేదు. వాన రెండు వైపులా పడింది. కూర్చుని వేలితో గీకితే గట్టి మొరం తగిలింది.

"పైమన్నంత టిప్పర్లల్ల కొంచవోయిన్రు. ఇత్తనం మన్నులనే ఉంటది గద. ఇగ ఏడికెల్లి మొలుస్తది? గా సగం గూడ పోతే మేకల్ని అమ్ముకునుడే," అంది.

రిజిస్టరు తెరిచి పడమటి వైపు పేర్లు కొట్టేయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గూడ ఏం లేదనే రాస్తవా సారూ?"

పెన్ను మూసేశాను.

మూడింటికి ఆటో, నాలుగింటికి బస్సు. నాలుగేళ్లు నేను పేర్లు రాసుకున్నాను తప్ప, ఒక్క గంపెడు మట్టిని ఆపలేకపోయాను.

తూర్పు సగంలో మట్టి ఇంకా ఉంది. 'ఖాళీ' అని సంతకం పెట్టినాయన ఈ వానల్లోనే వచ్చి, అక్కడ నిలబడి, ఇక్కడేమీ లేదని ఎల్లమ్మక్క ముందు చెప్పాలి. ఎప్పుడొస్తారు? నాకు తేదీ కావాలి.