మాస్టారి సుద్దగీత

మా చరిత్ర ట్యూషన్ మాస్టారు పోయారన్న కబురు చర్చి వాట్సాప్ గ్రూపులో, ఆదివారం కార్లు ఎక్కడ పెట్టాలన్న సూచనకూ ఎవరిదో పుట్టినరోజు కేకు ఫోటోకూ మధ్య వచ్చింది. చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. కొన్ని పొరపాటున కేకుకు పడ్డాయి. డిగ్రీ చదివినవాణ్ణి కనుక చర్చి పత్రికకు నివాళి రాసే పని నాకు అప్పగించారు. మాస్టారి మీద నా కలం పడటం ఇది రెండోసారి. మొదటిసారి సంగతి కూడా చెబుతాను.

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లో ఆయన ఇంటి ముందున్న, కారు లేని కారు షెడ్డే మా బడి. ఆయన సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో పుట్టినవారు. సుద్దముక్కను సబ్బుపెట్టెలో దాచేవారు. గోరంతకు అరిగినా పారేసేవారు కాదు.

అమెరికాలో అంతర్యుద్ధం ఎందుకొచ్చిందో చెప్పిన రోజున నేలకు అడ్డంగా గీత గీశారు. ఇటు బానిసలు లేని రాష్ట్రాలు, అటు ఉన్నవి. రెండు వైపులా సరిసమానంగా బెంచీలు. కొత్తగా వచ్చినవాడు కొత్త రాష్ట్రం, గీత మీద వేసిన స్టూలు మీద ఆగాలి. ఇంకొకడు వచ్చాకే ఒకడు ఇటు, ఒకడు అటు.

"తూకం సెడకూడదురా. సానా ఏళ్ళు ఇలాగే నెట్టుకొచ్చినారు ఆ దొరలు," అన్నారు.

తర్వాత మా పిన్ని కొడుకును అటువైపు బానిసను చేసి పారిపొమ్మన్నారు. వాడు గీత దాటి నా బెంచీ వెనక నక్కాడు.

"సట్టం వచ్చినాది. పారిపోయినోడిని ఇటోళ్ళే పట్టి ఇచ్చెయ్యాల. ఏటి సేస్తావు?" అని మాస్టారు నన్నడిగారు.

నేను క్షణం ఆలోచించలేదు. కాలరు పట్టుకుని అప్పజెప్పాను.

"ఒరే, ఒక్క మాటైనా ఎదురడగవేటిరా?" అన్నాడు వాడు.

"సట్టం లా," అన్నాను, మలేసియాలో మేం మాట చివర తగిలించే 'లా'తో. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"అప్పుడు తెలిసినాది ఇటోళ్ళకి, గీతకి ఇవతలున్నా తమ సేతులు సుబ్రం కాదని. కొందరు మేం ఇయ్యం పోండి అన్నారు. అటోళ్ళకి కోపం వచ్చినాది. కొత్త రాష్ట్రాల కాడ కొట్లాట, ఎన్నికల కాడ కొట్లాట. ఆకరికి అటోళ్ళు ఏరుపడిపోయినారు, ఫిరంగులు పేలినాయి. రాష్ట్రాల హక్కుల కోసం యుద్ధమని రాసిన కాయితం నాకు సూపించకండి. ఏటి సేసుకునే హక్కు? మనిసిని అమ్ముకునే హక్కు. ఆ మాట రాయండి."

ఇక మొదటిసారి సంగతి. రెండేళ్ళ కిందట చర్చి జ్ఞాపక సంచికకు నేను సంపాదకుణ్ణి. మాస్టారు తన తాత గురించి రాసి ఇచ్చారు: "మా తాత బానిస కాదు, ఒప్పందం కూలీ. ఆ తేడా నాకు తెలుసు. కానీ తోట నుంచి పారిపోతే పట్టి తెచ్చారు. పట్టి తెచ్చినవాడు మనవాడే, తెలుగు కంగాణీ." కంగాణీ అంటే తోటలో కూలీల మీద పెత్తందారు. ఆ కంగాణీ మా సంఘపెద్దకు స్వయానా తాత.

సంఘపెద్ద నన్ను పిలిచి తేతారిక్ టీ ఇప్పించారు.

"ఆ ఆకరి మాట తీసెయ్ లా. సర్చి రెండు ముక్కలైపోద్ది. ఐకమత్యం ముక్యం గదా."

ఈసారీ నేను క్షణం ఆలోచించలేదు. తీసేశాను.

సంచిక వచ్చిన ఆదివారం మాస్టారు ఆ పేజీ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"మళ్ళీ పట్టి ఇచ్చేసినావు గదరా," అన్నారు. అంతే. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా "బాగున్నారా?" అనేవారు, బయటివాళ్ళను అడిగినట్టు. పదేళ్ళపాటు నన్ను ఒరే అన్న మనిషి.

సంఘం రెండు ముక్కలు కాలేదు. ఐకమత్యం దివ్యంగా ఉంది. అంత్యక్రియల్లో సంఘపెద్దే మాట్లాడి, మాస్టారు ఎవరినీ నొప్పించి ఎరగరని సెలవిచ్చారు. బతికుంటే మాస్టారు ఆ వాక్యానికి సున్నా వేసేవారు.

నివాళిలో నేను ఆ కంగాణీ మాట తిరిగి పెట్టాను. సంఘపెద్ద ఫోను చేశారు. ఈసారి తీయలేదు. అందుకే ఇది చర్చి పత్రికలో లేదు, మీ చేతిలో ఉంది. ఆలస్యమైందని నాకు తెలుసు. చదవవలసినాయన చదవలేరు.

అంత్యక్రియల నాడు అందరూ భోజనాలకు లేచాక షెడ్డులో కుర్చీలే మిగిలాయి. గీత చెరిగి ఎన్నేళ్ళయిందో. స్టూలు మాత్రం అక్కడే ఉంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాను. ఇటు రమ్మనిగానీ అటు పొమ్మనిగానీ ఎవరూ అనలేదు.