శాంతి పాఠం తెచ్చిన తగాదా

జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి ఏడు జూన్‌లో నన్ను బత్తలపల్లె వైపున్న ఒక బాలికల గురుకులానికి టీజీటీ సోషల్‌గా బదిలీ చేశారు. టీజీటీ అంటే హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయులు. నా రిటైర్మెంటుకు ముందు అదే చివరి పోస్టింగు. సోషల్‌తో పాటు తొమ్మిదో తరగతికి విలువల విద్య పీరియడ్ కూడా నా నెత్తిన పెట్టారు. అది శుక్రవారం చివరి పీరియడ్. దానికి పరీక్ష లేదు కాబట్టి తనిఖీకి వచ్చినవాళ్లు దాని గురించి అడగరు. లెక్కల టీచరు స్లిప్ టెస్టుకని ఆ పీరియడ్ అడిగితే చాలామంది సంతోషంగా ఇచ్చేస్తారు. నేను ఇచ్చేదాన్ని కాదు. ఈ విషయంలో నాకు కాస్త మొండితనం ఎక్కువ.

ఆగస్టులో ‘ప్రపంచమంతా ఒకే కుటుంబం’ అన్న పాఠం వచ్చింది. మీ ఇంట్లో వాడే వస్తువు ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పి, గోడమీది పటంలో అక్కడ బొట్టు పెట్టమన్నాను. ధర్మవరం నేతగాని కూతురు లావణ్య లేచి, వాళ్ల నాయన నేసే చీరకు పడుగు దారం, అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారం, చైనా పట్టుతో చేసిందని చెప్పి చక్కగా బొట్టు పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వెనక బెంచీలో సుకన్య లేచింది. వాళ్లది గోరంట్ల దగ్గర పల్లె. మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచే కుటుంబం.

“ఆ దారం వచ్చినాకే మా పట్టుగూళ్లను అడిగే దిక్కు లేకుండా పోయింది మేడం. మా నాయన తోటంతా పెరికేసినాడు. వాళ్లెట్ల కుటుంబమైతారు?” అంది.

నేను పాఠ్యపుస్తకం తిరగేశాను. ఆ ప్రశ్నే అందులో లేదు.

ఆ సాయంత్రం నుంచి ఆ ఇద్దరూ భోజనాలకు ఒక పంక్తిలో కూర్చోవడం మానేశారు. అప్పటిదాకా పక్కపక్క మంచాల మీద పడుకున్న స్నేహితులు. వారం తిరక్కుండా తరగతి మొత్తం ధర్మవరం వాళ్లు, గోరంట్ల వాళ్లు అని చీలిపోయింది. కుళాయి దగ్గర బకెట్లు ఎగిరాయి. ‘చైనావాళ్లు’ అని ఒకరు, ‘పురుగులోళ్లు’ అని ఇంకొకరు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, శాంతి పాఠం చెప్పమంటే యుద్ధం తెచ్చిపెట్టారేమిటమ్మా అన్నారు. ప్రార్థన సమయంలో ఇద్దరి చేతా క్షమాపణ చెప్పించి చేతులు కలిపించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇద్దరిలో ఎవరు తప్పు చేశారని క్షమాపణ? ఈలోగా సుకన్య నాయన ఫోన్ చేశాడు. తోట ఎలాగూ లేదు, బెంగళూరుకు పనికి పోతున్నాం, బిడ్డను అందరూ మాటలంటుంటే అక్కడెందుకు, తల్లిదండ్రుల్ని రానిచ్చే నెలాఖరు ఆదివారం వచ్చి టీసీ తీసుకుంటానన్నాడు. చదువు మానిపిస్తాడని నాకు అర్థమైంది. భయం వేసింది.

తర్వాతి శుక్రవారం ఒక షరతు పెట్టాను. ఎవరి ఇంటి బాధ వాళ్లు చెప్పకూడదు, ఎదుటివాళ్ల ఇంటి బాధ చెప్పాలి. ‘అవును, సరిగ్గా చెప్పావు’ అని ఎదుటి పిల్ల ఒప్పుకునేదాకా పూర్తయినట్టు కాదు. లావణ్య లేచి, గూళ్లకు రేటు తగ్గింది అని కూర్చుంది. సుకన్య ఒప్పుకోలేదు. సుకన్య లేచి, వాళ్లకు చవకగా దారం కావాల అంది. లావణ్య కస్సుమంది. “చవకని కాదు. నీకేం తెల్సు?” అంది.

“తెలీకపోతే అడిగి తెలుసుకోండి,” అన్నాను.

మూతులు ముడుచుకునే అయినా, బట్టలుతికే బండ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నారు. మరుసటి శుక్రవారం లావణ్య చెప్పింది. పురుగులు పెద్దవైనప్పుడు రాత్రీ పగలూ ఆకు వేస్తూనే ఉండాలట. ఇల్లు పురుగులకిచ్చి మనుషులు వసారాలో పడుకుంటారట. అంత చేసి మార్కెట్టుకు తీసుకుపోతే గూళ్లు వెనక్కి తెచ్చుకున్న రోజులున్నాయట. సుకన్య తల వంచుకుని, సరిగ్గానే చెప్పింది మేడం అంది. తన వంతు వచ్చినప్పుడు తనూ తడబడకుండా చెప్పింది.

నెలాఖరు ఆదివారం సుకన్య నాయన సంచీతో వచ్చాడు. కూతుర్ని చూడటానికి వచ్చిన లావణ్య నాయన వరండాలో ఎదురుపడ్డాడు; ఎవరు ఎవరో పిల్లలే చెప్పేశారు.

“మీవల్లనే గదప్పా మా తోట పోయింది,” అన్నాడు రైతు.

“మేమేం చేసినామన్నా? మా కడుపు మేం చూసుకుంటాండాము,” అన్నాడు నేతగాడు. గొంతులు లేచాయి. నేను అడుగు ముందుకు వేసేలోగా సుకన్య మధ్యకు వచ్చింది.

“నాయనా, మన ఊరి దారం వాళ్ల పడుగులో తెగతాండాది. తెగిన పోగు తెగినట్టు అతికించుకుంటా కూర్చుంటే చీర మగ్గం దిగదు, కూలి రాదు. వాళ్లమ్మకు ఆ పనితోనే కండ్లు మసకలైనాయి.”

“నువ్వు నా కూతురివా, ఆయప్ప వకీలువా?”

“నీ కూతుర్నే. మన తోట పోయింది నిజమే నాయనా. ఆయప్ప పెరకలేదు గదా.”

రైతు చేతిలోని సంచీ కింద పెట్టాడు. లావణ్య నాయన, మెల్లగా, ఏ రకం పురుగులు పెంచుతుంటివన్నా అని అడిగాడు. ముక్తసరిగా జవాబు వచ్చింది. చేతులు కలపడం, కౌగిలింతలు ఏమీ జరగలేదు. ఇద్దరూ వేరువేరుగానే భోంచేశారు. వెళ్లేముందు సుకన్య నాయన నా దగ్గరికి వచ్చి, “నా బిడ్డ నాకే ఎదురు చెప్పింది మేడం. ఈడనే చదువుకోనీండి,” అన్నాడు. టీసీ మాట ఎత్తలేదు.

ఆ తోట మళ్లీ వేయలేదు. లావణ్య ఇంట్లో ఇప్పటికీ ఆ బయటి దారమే. నేను చెప్పిన పాఠం వల్ల పట్టు ధరలో పైసా మార్పు రాలేదు. సర్వీసంతా నేను శాంతి అంటే అందరినీ ఒక మాట మీదికి తేవడమని బోధించాను. ఆ ఇద్దరు పిల్లలు చివరిదాకా ఒక మాట మీదికి రాలేదు. ఎవరి నష్టం వాళ్లదేనని తెలిసే మళ్లీ పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. బడిలో నేర్పగలిగింది అంతవరకే. అది చాలు.