డయల్-అప్ ప్లానులో తొమ్మిదో ఇల్లు

ఇంటి నుంచి పని అంటే ఇప్పుడు ఎవరికీ వింతగా ఉండదు. ఇరవై ఏళ్ళ కిందట రాజమండ్రిలో మా చిన్న ఆఫీసులో మేనేజరు గారు ఆ మాట అన్నప్పుడు మేమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. పైదేశాల డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు విని, ఇంగ్లీషులో టైపు చేసి తిరిగి పంపడం మా పని. ఆఫీసులో చోటు చాలక, పల్లెల్లో టైపు బాగా వచ్చినవాళ్ళ ఇళ్ళలోనే కంప్యూటర్లు పెట్టి, టెలిఫోను లైను మీద డయల్-అప్‌తో మాకు కలపాలనుకున్నారు. ఎవరి లైను పనికొస్తుందో చూసి ప్లాను రాయమని నాకు చెప్పారు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

మే నెల ఎండల్లో ఆఫీసు ల్యాప్‌టాప్, దాన్ని ఫోను లైనుకి కలిపే మోడెమ్ సంచిలో పెట్టుకుని బస్సుల్లో తిరిగాను. రామచంద్రపురం దాటాక కాలవ పక్కన ఉన్న ఊళ్ళో, నా జాబితాలో తొమ్మిదో ఇల్లు ఒక టైపు మాస్టారిది. చాలా ఏళ్ళు టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పిన మనిషి. కంప్యూటర్లు వచ్చాక పిల్లలు రావడం మానేసి ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఆయన భార్యకి పక్షవాతం. ఆవిణ్ణి ఒత్తిగిలించడం దగ్గర్నుంచి అన్నం తినిపించడం దాకా ఆయనే చెయ్యాలి. గడప దాటి ఉద్యోగానికి వెళ్ళే వీలు లేదు.

వాళ్ళ ఫోను లైనుకి తగిలించగానే మోడెమ్ కీచుమంటూ ఆఫీసుకి కలిసింది. ఆయన కంగారుగా దగ్గరికొచ్చారు.

"అదేంటమ్మా ఆ గోల? పాడైపోయిందా?"

"లేదండి, కలిసింది."

ఆయన మంచం వైపు తిరిగి, "విన్నావా? మన ఫోను రాజమండ్రితో మాట్లాడుతోంది. ఇక నేనెక్కడికీ వెళ్ళక్కర్లేదు" అన్నారు. ఆవిడ మాట రాని నోటితో, ఒక పక్కకే నవ్వింది.

బయట రోడ్డు వారన టెలిఫోను లైన్‌మన్ కనబడ్డాడు. నేనేం చేస్తున్నానో చెప్పాను.

"ఇప్పుడు బానే ఉంటుందండి మేడమ్. వానలు పడితే కేబులు జాయింట్లున్న గుంటల్లోకి నీళ్ళొచ్చేస్తాయండి. అప్పుడొచ్చి చూడండి" అన్నాడు.

"నెలాఖరుకల్లా ప్లాను ఇచ్చెయ్యాలండి."

"మీ ఇష్టమండి మరి."

అతను చెప్పింది నాకు అర్థం కాక కాదు. అది రాస్తే సగం ఇళ్ళు జాబితాలోంచి ఎగిరిపోతాయి, ప్లాను వెనక్కి వస్తుంది, నాకు పని రాదనుకుంటారు. తొమ్మిదో ఇంటికి ఎదురుగా 'లైను బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. అందరికంటే తక్కువ తప్పులు మాస్టారివే. శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. ఫైలు చివరిదాకా వచ్చి తెగిపోయేది, మళ్ళీ మొదటి నుంచీ తెచ్చుకోవాల్సి వచ్చేది. మాస్టారు రోజంతా డయల్ చేస్తూ కూర్చునేవారు. ఒకరోజు పొద్దున్న లైను పూర్తిగా చచ్చిపోయింది. పని ముందురోజే అందుకున్నారు, టైపు పూర్తయింది, పంపే దారి లేదు. పక్కింటావిణ్ణి భార్య దగ్గర కూర్చోబెట్టి, టైపు చేసింది ఫ్లాపీలోకి ఎక్కించి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బస్సెక్కారు.

మధ్యాహ్నం తడిసి ముద్దయి ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. అప్పటికే ఆ పని ఇంకొకరితో చేయించి పంపేశాం. ఆ మాట ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఇలా ఇవ్వండి మాస్టారూ, నేను చూసుకుంటాను" అని ఫ్లాపీ అందుకున్నాను.

"ఆలస్యమైపోయిందేమోనని హడలిపోయానమ్మా. వెళ్ళొస్తాను, బస్సుంది."

"అంత వానలో ఎలా వెళ్తారండి? కాస్త తడి ఆరనివ్వండి. టీ తాగి వెళ్దురు గాని."

కూర్చున్నారు. గండం గడిచిందన్న తేలికతో చాలాసేపు మాట్లాడారు. ఆ బస్సు వెళ్ళిపోయింది.

వారం తరవాత మేనేజరు గారు తొమ్మిదో ఇంటిని ప్లానులోంచి తీసేశారు. కంప్యూటరు తరవాత తెప్పిస్తానని, ముందు మోడెమ్ తెచ్చెయ్యమని నన్నే పంపారు. వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. మాస్టారు కాకినాడ ఆసుపత్రికి క్యారియరు సర్దుకుంటున్నారు.

ఆ రోజు వాన పెరిగేసరికి పక్కింటావిడ బడి నుంచి కూతుర్ని తెచ్చుకోవడానికి వెళ్ళిందట. మంచినీళ్ళ కోసమో ఏమో, మాస్టారి భార్య కదలబోయి మంచం మీంచి పడిపోయింది. పక్కింటావిడ వచ్చి చూసినా ఒక్కతే లేపలేకపోయింది, ఆ వానలో సాయానికి ఎవరూ దొరకలేదు. డాక్టరుకి చెబుదామంటే ఫోను పలకలేదు. మాస్టారు వచ్చేదాకా ఆవిడ నేల మీదే ఉంది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనుకి ఒళ్ళు తట్టుకోదన్నారు.

ఆయన ఇదంతా మామూలు గొంతుతో చెప్పారు. నా వైపు నిష్ఠూరంగా చూడనైనా లేదు. చూసి ఉంటే బాగుండేది. మోడెమ్‌ని తుడిచి పెట్టెలో పెట్టి ఇస్తూ అడిగారు.

"ఆ రోజు ఫైలు సరిగ్గా వెళ్ళిందా అమ్మా? తప్పులేమైనా వచ్చాయా?"

"ఒక్క తప్పు కూడా లేదండి" అన్నాను. ఆ ఫ్లాపీని ఎవరూ తెరవనే లేదు.

"అదే చాలు" అన్నారు. మోడెమ్ ఎందుకు తీసుకెళ్తున్నానని అడగలేదు. నేనూ చెప్పలేదు.

కార్తీకంలో ఆవిడ పోయిందని లైన్‌మనే ఫోను చేసి చెప్పాడు. వెళ్దామని బస్టాండు దాకా వెళ్ళాను. బస్సు వచ్చింది, కండక్టరు ఊరి పేరు పిలిచాడు. నేను ఎక్కలేదు. ఆయనకి ఏమని చెప్పాలో ఆ రోజు తెలియలేదు. ఈనాటికీ తెలియదు. ఆ తరవాత మాస్టారు ఊరు వదిలి నిడదవోలులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారని విన్నాను. రైలు ఆ స్టేషన్లో ఆగినప్పుడల్లా నేను కిటికీ వైపు నుంచి తల తిప్పేసుకుంటాను.