ఎవరూ తెరవని తిరుత్తణి సంచి

గేటు దగ్గర బస్సు దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. జూన్ నెల. ఐరాలలో పొద్దున్నే బయలుదేరి, చిత్తూరులో ఒకసారి, పుత్తూరులో ఒకసారి బస్సు మారి, నగరి దాటాక తమిళనాడు హద్దుకు కాస్త ఇవతల దిగాను. రోడ్డుకు అడ్డంగా ఒక గేటు కర్ర. పక్కన రేకుల షెడ్డు. షెడ్డు ముందు నడుమెత్తున ఇసుక బస్తాలు. వెనకాల నగరి ముక్కు కొండ. నీడంటూ ఉన్నది ఒక్క వేపచెట్టు కింద, అక్కడ ఎస్సైగారి జీపు నిలబడి ఉంది.

"ఆ బస్తాలు నీకోసమే పెట్టించినాం మిలిటరీ! సొంత ఇల్లు మాదిరి ఉంటాదని," అన్నాడు ఎస్సై. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొత్త పోస్టులో మొదటిరోజు నవ్వేవాడిని ఎవరూ లెక్కపెట్టరు.

మా ఊళ్ళో కుర్రాళ్ళు నన్ను కూర్చోబెట్టి మంచుకొండల్లో చేసిన డ్యూటీ గురించి అడుగుతుంటారు. అక్కడ ఏముంది? శత్రువు ఏ దిక్కున ఉన్నాడో మ్యాపులో గీసి ఉంటుంది. నన్ను ఇప్పటికీ పొడిచేది ఆ డ్యూటీ కాదు. హవల్దారుగా రిటైరై వచ్చాక, మాజీ సైనికులను కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారంటే చేరాను చూడండి, ఆ నగరి గేటు డ్యూటీ.

ఇచ్చిన సామాను: ఖాకీ ప్యాంటు, లాఠీ, విజిల్, టార్చి. తుపాకీ లేదు. బూట్లు నా పాతవే. మంచులో ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి. ఉన్న వేళ్ళకన్నా లేని వేళ్ళే ఎక్కువ మండుతాయంటే మీరు నమ్మరు. అందువల్ల కాస్త కుంటుతాను.

ఆర్డర్లు మొదటివారమే వచ్చాయి. ఇసుక, మద్యం ఎప్పుడూ ఉన్నవే. కొత్తగా చేరినవి మాత్రలు. తిరుపతి నుంచి మందుల ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, ఒక క్యాప్సూలును ఇసుక బస్తా మీద పెట్టి మాకు పాఠం చెప్పింది.

"ఇది నరాల నొప్పికి మందు. మంచి మందే. షుగరు వల్ల కాళ్ళు మండేవాళ్ళకు, నడుములో నరం నొక్కుకున్నవాళ్ళకు డాక్టరు రాస్తాడు. చీటీ ఎవరి పేరున ఉంటే వాళ్ళకే, ఎన్నాళ్ళకు రాస్తే అన్నాళ్ళకే అమ్మాల. ఇప్పుడేమో మత్తు కోసం గుప్పెళ్ళు మింగేవాళ్ళు తయారైనారు. ఈ పక్క షాపుల్లో మేము గట్టిగా పట్టుకుంటే, హద్దు దాటి ఆ పక్కకి పోయి తెచ్చుకుంటా ఉండారు."

"మింగితే ఏమైతాది మేడం?" అని అడిగాడు మా వైర్‌లెస్ మనిషి.

"నిద్ర, తూలు, మాట తడబడేది. బ్రాందీ తాగి దీన్ని మింగితే ఊపిరి ఆడేది తగ్గిపోతాది. నిద్రలోనే పోతాడు. అట్లని అలవాటైనోడు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, ఫిట్సు రావొచ్చు. డాక్టరు దగ్గరికే పోవాల, మెల్లిగా తగ్గించుకోవాల."

అతను తల ఊపాడు. బాగా విన్నాడు. అంత శ్రద్ధగా ఎందుకు విన్నాడా అని నాకు అప్పుడే ఒక ముల్లు గుచ్చుకుంది.

అతన్ని మేమంతా సిగ్నల్ అని పిలిచేవాళ్ళం. అతనూ మాజీ సైనికుడే, సిగ్నల్స్ దళంలో పనిచేశాడు. నలభై లోపు వయసు. నగరిలో మరమగ్గాల వీధి మనిషి. సైన్యంలో ఉండగా ట్రక్కు బోల్తాపడి నడుము దెబ్బతింది. ఎడమకాలు మొత్తం కరెంటు కొట్టినట్టు లాగుతుందని చెప్పేవాడు. పెళ్ళి కాలేదు. తండ్రి లేడు. మగ్గం నేసే తల్లి ఒక్కతే. ఆ ఇంటికి నికరంగా వచ్చేది అతని జీతమే.

మంచివాడు. నన్ను హవల్దారన్నా అనేవాడు. నేను చేరిన రెండోరోజే నా బూటులో మెత్తటి గుడ్డముక్క కుట్టి పెట్టాడు, కాలు ఒరుసుకోకుండా. అలాంటి మనిషిని అనుమానించడమంటే అన్నం తింటూ అందులో రాయి వెతుక్కోవడమే. కానీ వెతికాను.

కారణం ఉంది. జులైలో మామిడి లారీలు వరసకట్టి ఉన్నప్పుడు, మాత్రలతో ఒక తెల్ల కారు వస్తున్నదని కంట్రోల్ రూము నుంచి వైర్‌లెస్ సెట్టులో కబురు వచ్చిందట. మాకు అందేసరికి కారు దాటిపోయింది. పదిరోజులకు ఒక ఆటో. అదీ అంతే. సెట్టు ఉన్నది సిగ్నల్ చేతిలో.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు ఎస్సై నన్ను పక్కకు పిలిచి. "ఈశ్వరుడు పట్టకపోతే పోనీ. నువ్వు పట్టు మిలిటరీ. వాడు లోపలివాడైతే ఉద్యోగం పోయేదొకటే కాదు, జైలే."

ఆ రోజు నుంచి నా కళ్ళు అతని మీదే. మధ్యాహ్నం కళ్ళు వాలిపోయేవి. మాట ముద్దగా వచ్చేది. లేచి నిలబడేటప్పుడు బస్తా పట్టుకునేవాడు. బ్రాందీ వాసన వస్తుందేమో చూశాను, ఉండేది కాదు. రోజూ వాళ్ళమ్మ మునెమ్మ మూడు గిన్నెల క్యారియర్ తెచ్చేది. పైవి రెండూ మా ముందే విప్పి, ఉర్లగడ్డ వేపుడో, పప్పుపులుసో అందరికీ పెట్టేవాడు. అడుగుది మాత్రం షెడ్డు వెనక్కి తీసుకుపోయేవాడు.

"ఏముందప్పా దాంట్లో?" అని అడిగాను ఒకరోజు.

"మజ్జిగన్నం అన్నా. ఎంగిలి చేసినాను," అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనిదానికి కూడా జవాబు చెప్పాడు: "వేరే ఏమీ లేదు."

మునెమ్మ మీదా అనుమానం మొదలైంది. ఆమె నెలనెలా కృత్తిక నక్షత్రం రోజున తిరుత్తణి కొండకు పోయేది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఒడిలో పసుపుగుడ్డ సంచి. ఇక్కడొక పద్ధతి ఉంది, మీకు తెలిసే ఉంటుంది. తిరుత్తణి నుంచి వచ్చేవాళ్ళ సంచి ఎవరూ తెరవరు. విభూతి, సామి ప్రసాదం ఉంటాయి. బూట్లతో, తోలు బెల్టుతో ఉన్నవాళ్ళు ముట్టకూడదు. బస్సు ఆపితే మా కానిస్టేబులే దణ్ణం పెట్టి, ఇంత విభూతి నొసట పెట్టించుకుని, "పోనీ" అని కర్ర ఎత్తేవాడు. గేటు మొత్తంలో తనిఖీ లేనిది ఆ సంచి ఒక్కటే. దొంగనైతే నేను దాన్నే వాడుకుంటాను.

ఆడికృత్తిక వచ్చింది, తిరుత్తణికి ఏటా అదే పెద్ద పండగ. కావడులు, పసుపుబట్టలు, డప్పులు. రోడ్డు కనబడలేదు. సాయంత్రం తిరుగు బస్సులో మునెమ్మ కనబడింది. నేను బస్సెక్కాను.

"అమ్మా, ఆ సంచి చూపించు."

"సామి సంచి నాయనా. బూట్లతో ముట్టబాక," అంది. కోపం లేదు. భయమూ లేదు.

"ఇప్పేస్తాను బూట్లు."

బస్సంతా గోల మొదలైంది. ఎస్సై పరుగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకుని దింపాడు. "ఏందప్పా నీకు పిచ్చా? పండగపూట ఊరంతా మన మీద పడతాది!"

బస్సు వెళ్ళిపోయింది. సిగ్నల్ అదంతా బస్తాల వెనక నిలబడి చూశాడు. జనం పలచబడ్డాక నా దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మా యమ్మను అనుమానిస్తా ఉండావా అన్నా?"

నేను దాచలేదు. "నిన్ను కూడా. ఆ తెల్ల కారు సంగతి ఎవరికి అందించినావు?"

 నవ్వాడు. ఏడుపు కన్నా అధ్వాన్నంగా ఉంది ఆ నవ్వు. "అమ్ముడుపోయినాననుకుంటా ఉండావా? నిద్రపోయినానన్నా. సెట్టు చేతిలో పెట్టుకొని నిద్రపోయినాను. కంట్రోలోడు పిలిచినాడు, 'రోజర్', అందిందన్నాను, మళ్ళా నిద్రపోయినాను. ఆటో వచ్చిన రోజు కూడా అంతే. సిగ్నల్సోడు సెట్టు మీద నిద్రపోయినాడని యా నోటితో చెప్పుకునేది?"

పట్టపగలు, లారీ హారన్ల మధ్య, సైన్యంలో పనిచేసినవాడు నిద్రపోయాడట! నేను నమ్మలేదు. కథ బాగానే అల్లాడనుకున్నాను.

ఆ తర్వాత మా మధ్య మాటలు సెట్టులో మాటల్లాగే మిగిలాయి. "గేటు తెరువు." "తెరిచాను." "లారీ పంపు." "పంపాను." నా బూటులో అతను కుట్టిన గుడ్డ మాత్రం అలాగే ఉంది. దాన్ని పీకి పారేయాలని రెండుసార్లు చెయ్యి పెట్టాను, మనసు రాలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఉరుములతో వాన. రేకుల మీద చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడదు. నాలుగున్నర దాటింది. రోడ్డు ఖాళీ. షెడ్డులో సెట్టు అరుస్తూనే ఉంది: "నగరి గేటు, నగరి గేటు, కంట్రోల్." ఎవరూ పలకడం లేదు.

పట్టుకున్నాను దొంగను, అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళాను.

సిగ్నల్ బస్తాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం రొమ్మును తాకుతోంది. సెట్టు ఒళ్ళో ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కన క్వార్టరు బాటిలు. చెంప మీద కొట్టాను, పలకలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఒక ఊపిరి. ఆగింది. ఎంతసేపటికో ఇంకొకటి. మంచులో ఇలాంటి ఊపిరి చూశాను నేను. సెట్టు లాక్కున్నాను.

"కంట్రోల్, నగరి గేటు! మనిషి పోతా ఉండాడు! నగరి ఆస్పత్రికి చెప్పండి, వస్తా ఉండాం!"

జీపు ఎస్సైయే నడిపాడు. వెనక సీటులో అతని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఊపిరి ఆగినప్పుడల్లా నోటితో ఊదాను. "రేయ్ సిగ్నల్, ఊపిరి తీయరా, నువ్వు చెప్పింది నమ్ముతానురా, తీయరా," అని అరుస్తూనే ఉన్నాను. నగరిలో గొట్టం వేసి తిరుపతికి పంపారు. తిరుపతి చేరాక తెల్లకోటు డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

అతని ప్యాంటు జేబులో మాత్రల రేకులు దొరికాయి, సగానికి పైగా ఖాళీవి. నరాల మాత్రలే. "ఇవి, పైన బ్రాందీ," అన్నాడు డాక్టరు. "రెండూ కలిసి ఊపిరిని ఆపేసినాయి."

ఇంటికి ఎస్సై కబురు చేశాడు. గుండె ఆగిందని చెప్పాడు. "ముసిలామెకి అంతకన్నా ఎందుకప్పా? పోయినోడు పోయినాడు." నేను ఎదురు చెప్పలేదు. కానీ నాలో అనుమానం చావలేదు. మాత్రలు ఎవరు అందించారు? ఎవడో ఉన్నాడు, వాడిని పట్టాలి అనుకుంటూ ఇంకో నెల గేటు కాశాను. ఎవడూ దొరకలేదు.

అక్టోబరులో నా కాంట్రాక్టు అయిపోయింది. షెడ్డులో సిగ్నల్ క్యారియర్ అలాగే ఉండిపోయింది. కడిగాను. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, మా ఐరాల బెల్లం నింపుకుని మగ్గాల వీధికి వెళ్ళాను.

వీధంతా మరమగ్గాల మోత. మునెమ్మ మగ్గం ఆపి, కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. బస్సులో సంచి అడిగినవాడిని నేనేనని గుర్తుపట్టింది. అయినా క్యారియర్ అందుకుంది. క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటీ తీసి చూసింది. అడుగు గిన్నె దగ్గర ఆగింది.

"దీంట్లో మజ్జిగన్నం మింద చిన్న పొట్లం పెట్టేదాన్ని సామీ. నాకు షుగరుకి చేతులు మంటలని తిరుపతి డాక్టరు రోజుకి రెండు మాత్రలు రాసినాడు. నేనొకటి ఏసుకొని, ఒకటి వానికి పెట్టేదాన్ని. కాలు లాగతా ఉండాది, నిద్ర పట్టలేదని ఏడ్సేవాడు బిడ్డ."

గోడకు వేలాడుతున్న పసుపుసంచి దించింది. అందులోంచి విభూతి పొట్లాలు, వాటి కింద మాత్రల రేకులు, ఒక డాక్టరు చీటీ. చీటీ మడతల దగ్గర చిరుగుతోందని ప్లాస్టిక్ అట్ట వేయించింది. ఎప్పటి చీటీయో.

"ఈ ఒక్క చీటీతోనే వీధికంతా తెస్తాను నాయనా. మగ్గమాడించే ఆడోళ్ళందరికీ చేతులు మంటలే. ఆస్పత్రికి పోతే ఒకరోజు కూలి పోతాది గదా. కృత్తికకి నేను ఎట్లాగూ కొండకి పోతాను, ఆడ మందుల షాపులో అందరివీ నేనే తెస్తాను. నొప్పి ఒకటే అయినప్పుడు చీటీ ఒకటి సాలదా?"

నాలుగు నెలలు నేను వెతికిన ముఠా ఇదే.

ఆమె నా కాలు చూసింది. "కుంటతా ఉండావే. మంటా? మా వానికి మాదిరే." రేకు నొక్కి ఒక క్యాప్సూలు అరచేతిలో వేసుకుని నాకు చాపింది. "ఏసుకో నాయనా. వానికి దీంతోనే నిద్ర పట్టేది."

చెప్పకపోతే ఆ వీధి మొత్తం ఆ చేతిలోంచే మింగుతుంది. చెప్పాను. గుండె కాదమ్మా, ఇవీ బ్రాందీ కలిసి ఊపిరి ఆపాయని చెప్పాను.

"నేను పెట్టిన అన్నంలోనా?" అంది.

"నువ్వు పెట్టింది ఒక్కటేనమ్మా. వాని జేబులో రేకులు ఉన్నాయి. మిగతావి వాడే యాడో కొనుక్కున్నాడు." అది నిజం. యాడ కొన్నాడో ఈ రోజుకీ తెలియదు. ఆమెకు నా మాట వినబడిందో లేదో కూడా తెలియదు.

అప్పుడే పక్కింటామె గడపలోకి వచ్చింది. చేతిలో చెంబుతో నీళ్ళు. "అక్కా, నా మాత్ర ఈయక్కా. మగ్గం ఆపొచ్చినాను."

మునెమ్మ ఆమె వైపు చూసింది. నా వైపు చూసింది. "లేవమ్మే," అంది. "ఇంక లేవు."

నగరి బస్టాండు నుంచి మందుల ఇన్‌స్పెక్టరమ్మకు ఫోన్ చేశాను. ఒక్కసారిగా మాన్పించవద్దని ఆమె చెప్పిన పాఠం ఆమెకే గుర్తుచేశాను. రెండురోజుల్లో డాక్టరును వెంటబెట్టుకుని వీధికి వెళ్ళింది. ఎవరి నొప్పి వాళ్ళకు చూసి, ఎవరి చీటీ వాళ్ళకు రాయించిందని తర్వాత విన్నాను. నేను పుత్తూరు, చిత్తూరు మీదుగా ఐరాల వచ్చేశాను. ఆ బూట్లే ఇంకా వాడుతున్నాను. గుడ్డముక్క లోపలే ఉంది.

కాలి మంటకు కళ్ళు మూసుకుంటే మంచు కనబడదు. మునెమ్మ కనబడుతుంది. లేవు, ఇంక లేవు అంటూ, గడపలో ఉన్నామె చూస్తుండగా, చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయి నిలబడింది. నూలు రంగు అంటిన ఆ అరచేతిలో క్యాప్సూలు అలాగే ఉంది.