బొట్టు చెరిపిన బొమ్మ

1983 జూన్‌లో నన్ను రాజోలు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బ్లాక్ ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటరుగా వేసేరు. పేరు పొడుగే గానీ పని ఒకటే, ఊళ్లు తిరిగి ఆరోగ్యం గురించి చెప్పడం. అది విరేచనాల కాలం. పిల్లలకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టాలని చెప్పే ఫ్లాష్ కార్డులు, అంటే జనానికి ఎత్తి చూపించే బొమ్మల అట్టలు, పైనుంచి రాలేదు. నాకు కాస్త బొమ్మలు వచ్చని డాక్టరుగారు ఆ పని నా నెత్తిన పెట్టేరు.

తల్లి ఒళ్లో బిడ్డ, పక్కన చెంబు, ఆవిడ చేతిలో చెంచా. నిండుగా బొట్టు పెట్టి, తలలో పూలు కూడా తురిమేను. నా పనితనానికి నేనే మురిసిపోయేను.

ముందు క్రైస్తవ కుటుంబాలుండే పేటలో చూపించేను. అందరూ "ఆయ్" అని తలూపేరు. వారం పోయాక వెళ్తే ఒక్కరూ ఆ నీళ్లు కలిపింది లేదు. ఎందుకని ఇంటింటా అడిగేను. చివరికి మేరమ్మగారనే ఆవిడ మొహమాటపడుతూ చెప్పేరు, "అది గుళ్లో తీర్థం కదండీ, మాకెందుకు చూపించేరో అనుకున్నామండి."

బొట్టు మీదా పూల మీదా రంగు పూసి కప్పేసేను. మర్నాడు అదే అట్ట రైతుల వీధిలో ఎత్తేను. అక్కడ సూరమ్మగారనే పెద్దావిడ మనవడికి పొద్దుటినుంచీ విరేచనాలు, కళ్లు లోపలికి పోయేయి. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయని చుక్క కూడా పట్టనివ్వట్లేదు. అట్ట చూసి ఆవిడ మొహం తిప్పుకున్నారు. "మొగుడు పోయినదాని బొమ్మ మా గుమ్మంలో చూపిస్తారేంటండీ బాబూ, ముందు తీసెయ్యండి" అన్నారు.

సిగ్గేసింది, పిల్లాణ్ణి చూస్తే భయమూ వేసింది. ఇంక ఏ బొమ్మ వెయ్యాలో బుర్రకి తట్టలేదు. అట్ట పక్కన పడేసి, పోయిన నీరు మళ్లీ పట్టకపోతే బిడ్డ దక్కడని ఆవిడకి నచ్చజెప్పి, అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆవిడ చేత్తోనే గుప్పెడు పంచదార, మూడు వేళ్లకి వచ్చినంత ఉప్పు వేయించేను. కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదన్నది లెక్క, రుచి కూడా ఆవిడనే చూడమన్నాను. చెంచాతో పడుతూనే ఉన్నారు. సాయంత్రానికి పిల్లాడు ఒంటేలు పోసేడు. నీరు ఒంటబట్టిందనడానికి అదే గుర్తు. అప్పటిదాకా నేను అరుగు దిగలేదు.

తరవాత వేసిన అట్టలో తల్లికి మొహం లేదు. గాజులున్న రెండు చేతులు, చెంబు, చెంచా, బిడ్డ, అంతే. ఈ చేతులెవరివండీ అని రెండు చోట్లా అడిగేరు. మీవేనండి అన్నాను.

బొమ్మలో ఏం చేస్తున్నారన్నది జనం తరవాత చూస్తారు. ముందు ఆ మనిషి ఎవరని చూస్తారు. తాము కాదనుకుంటే అక్కడే ఆగిపోతారు. ఇది నేర్చుకోడానికి ఒక పిల్లాడి ప్రాణం దాకా వెళ్లేను.