సాక్ష్యంలో ఇచ్చిన జాగా

రాయచోటి బస్టాండుకు దగ్గరగా నాకు నాలుగు సెంట్ల జాగా ఉండేది. కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో ఒకే మామా (ఇంటి యజమానురాలిని అట్లే పిలుస్తాం) దగ్గర పదకొండేళ్లు వంటపని చేసి కొన్నది. నా భర్త పోయింది నేను కువైట్ రాకముందే. మళ్లీ పెళ్లి ఆలోచన మాత్రం ఇక్కడి సెలవు రోజైన శుక్రవారం మా క్రైస్తవ సంఘం జరిపే ఆరాధనలో కీబోర్డు వాయించే డ్రైవరును చూశాకే వచ్చింది. అందులో దాచుకోవలసిందేమీ లేదు.

నా ప్రార్థన వింటే కళ్లలో నీళ్లొస్తాయనేవాడు. మా సంఘంలో సంబంధాలు కుదిర్చే అక్క మధ్యవర్తి. ఒక శుక్రవారం, అబూ హలీఫాలో మేం కూడుకునే ఫ్లాటు వంటగదిలో టీ కలుపుతూ అంది:

"ఆ జాగా తన పేరు మీదికి ఎప్పుడు మారుస్తావని అడగతాండాడు మే."

"పెండ్లికి ముందేనా?"

"ప్రేముంటే ముందేంది, వెనకేంది?"

"నీకేమిస్తానన్నాడక్కా?"

అక్క చక్కెర డబ్బా మూత కోసం వెతికింది. "ఉంగరం. చిన్నదేలే."

నాకు కోపం రాలేదు. అతనికి కావలసింది నేనా, జాగానా అన్నది తేలాలి.

"జాగా దేవునికిచ్చేసినానని సాక్ష్యంలో చెప్పి చూస్తానక్కా."

"చెప్పుకో. రెండు వారాలాగి ఉత్తదేనంటే సరిపాయె."

ఆ రోజు ఆరాధనలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యానికి లేచి నిలబడ్డాను. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. దేవుని ఎదుట నోరు తెరిచి పలికింది మొక్కుబడే అవుతుందని చిన్నప్పుడే నేర్చుకున్నాను. అబద్ధం నోటికి రాలేదు. రాయచోటిలో నా జాగాను ప్రార్థన మందిరానికి ఇస్తున్నానని చెప్పాను. నిజంగానే చెప్పాను.

ప్రతి సాక్ష్యం తర్వాత కీబోర్డు మీద ఒక పల్లవి వాయించడం మా అలవాటు. ఆ రోజు పల్లవి లేకుండానే చప్పట్లు మొదలయ్యాయి.

ఆరాధన ముగిశాక లిఫ్టు దగ్గర అతను పలకరించాడు.

"రిజిస్ట్రేషన్ అయిందా?"

"లేదు. సెలవులో పోయినప్పుడు చేయిస్తా."

"అయితే టైముండాది. దేవుడు మనసు చూస్తాడు గానీ కాగితాలు చూడడు గదా."

"నువ్వు చూస్తాండావు గదా."

నవ్వాడు. ఆ నవ్వంటే నాకు అప్పటికీ ఇష్టమే. ధైర్యం చేసి అడిగాను: "జాగా లేకుండా నన్ను చేసుకుంటావా?"

"ప్రార్థన చేసి చెప్తా."

మా సంఘంలో ఆ మాటంటే వద్దని చెప్పినట్టే. తర్వాతి శుక్రవారం నుంచి అతను ఫింటాస్‌లో వేరే ప్రార్థన సహవాసంలో వాయిస్తున్నాడని తెలిసింది. కొన్నాళ్లు వంట చేస్తూ ఏడ్చాను. ఉల్లిపాయలని మామాకు చెప్పాను.

అక్క మళ్లీ వచ్చింది. "ఆయన పాయె. ఇంక జాగా ఎందుకిస్తావు మే? ఖలాస్ అనుకో."

"నేను మొక్కుకున్నది ఆయనకు కాదక్కా."

సెలవులో వెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాను. తిరిగొచ్చాక ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పొడిగించమని మామాను అడిగాను. ఇంకో జాగా కొనుక్కోవాలి.